తాళం కాదు, గడియ
(హామ్ రేడియో రిపీటర్ల టోన్ చరిత్ర)



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మన పత్రికలో సాధారణంగా దేవాలయాల స్థల పురాణాలు, స్వాతంత్ర్య సమరయోధుల జీవితాలు, వేతన సవరణ సంఘాల పుట్టుపూర్వోత్తరాలు వస్తుంటాయి. వాటిని నాకన్నా బాగా రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత పదవీ విరమణ తరువాత నాకు పట్టుబడిన ఒక చిన్న విషయాన్ని ఎంచుకున్నాను. నేను రిటైరైన మూడో ఏట పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తీసుకున్నాను. ఆ రంగంలో "రిపీటర్" అనే యంత్రం ఒకటి ఉంది. దాని తలుపు తెరిపించే "టోన్" అనే సన్నని నాదం ఒకటి ఉంది. ఆ నాదం చరిత్రే ఈ వ్యాసం.

ఇదెక్కడి గొడవ, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. అయితే గాలివాన రాత్రి టెలిఫోను, సెల్ ఫోను రెండూ మూగబోయిన వేళ, చేతిలో సెట్టు ఉండి కూడా ఈ చిన్న నాదం సంగతి తెలియక మనిషి మూగవాడై కూర్చోవలసి వస్తుంది. కోస్తాలో పుట్టి పెరిగిన వాళ్ళం కనుక ఆ రాత్రులు మనకు కొత్త కావు. కాబట్టి ఓపికగా చదవవలసిందిగా మనవి.

మంచె మీది మనిషి

ముందుగా హామ్ రేడియో గురించి నాలుగు మాటలు. ప్రభుత్వం పెట్టే పరీక్షలో ఉత్తీర్ణులై, లైసెన్సు పొంది, లాభాపేక్ష లేకుండా సరదాగా, సేవాభావంతో వైర్‌లెస్‌లో మాట్లాడుకునే వారిని హామ్‌లు అంటారు. మన దేశంలో ఇందుకోసం 1978లో ప్రత్యేక నియమావళి వచ్చింది. పన్నెండేళ్ళ పిల్లల దగ్గరనుంచి మనబోటి ముసలివాళ్ళ దాకా ఎవరైనా పరీక్షకు కూర్చోవచ్చు.

హామ్‌ల చేతిలో ఉండే చిన్న సెట్టు శక్తి సుమారు 5 వాట్లు. మన పడకగదిలో రాత్రిపూట వెలిగే చిన్న బల్బు పాటిది. అది పంపే తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరకే తిన్నగా వెళతాయి. మధ్యలో కొండ గాని, పెద్ద భవనం గాని అడ్డొస్తే మాట ఆగిపోతుంది. అందుకని ఎత్తైన చోట ఒక యంత్రాన్ని పెడతారు. అది ఒక ఫ్రీక్వెన్సీలో మాట వింటూ, అదే క్షణంలో మరొక ఫ్రీక్వెన్సీలో పెద్ద గొంతుతో తిరిగి పలుకుతుంది. అదే రిపీటర్. మన దేశంలో హామ్‌లకిచ్చిన 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ పట్టీలో వినే ఫ్రీక్వెన్సీకి, పలికే ఫ్రీక్వెన్సీకి మధ్య సాధారణంగా 600 కిలోహెర్ట్జ్ తేడా ఉంటుంది. చేలో మంచె మీద కూర్చున్న మనిషి ఈ గట్టువాడి మాట విని ఆ గట్టువాడికి అరిచి చెప్పినట్టన్న మాట.

కాని మంచె మీద ఉన్నది మనిషి కాదు, యంత్రం. మనిషికైతే పిలుపేదో పిట్టల అరుపేదో తెలుస్తుంది. యంత్రానికి తెలియదు. తన చెవిన పడినదల్లా తిరిగి అరుస్తుంది. పక్క జిల్లాలోని మరో రిపీటరు కోసం పంపిన మాట కావచ్చు, దగ్గరి యంత్రాల విద్యుత్ రొద కావచ్చు, ఏదైనా సరే నెత్తికెత్తుకుంటుంది. దానికి "ఇది నీ కోసం వచ్చిన పిలుపు" అని చెప్పే గుర్తు ఒకటి కావాలి. ఆ గుర్తే టోన్.

బుస, మౌనం

ఎఫ్.ఎం. రేడియోను అమెరికాకు చెందిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అభివృద్ధి చేశాడు. దాని పేటెంట్లు ఆయనకు 1933 డిసెంబరులో లభించాయి. పాత పద్ధతి రేడియోలలో ఉండే ఉరుముల గరగర, మోటారు కారు ఇంజను టకటక ఎఫ్.ఎం.లో చాలావరకు వినపడవు. కనుక పోలీసు కార్లకు ఇది బాగా పనికివచ్చింది. డేనియల్ నోబుల్ అనే ప్రొఫెసరు రూపకల్పన చేయగా, 1940 ప్రాంతంలో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులు ఎఫ్.ఎం. వైర్‌లెస్‌ను రాష్ట్రమంతటా వాడుకలోకి తెచ్చారు. ఆ నోబుల్ తరువాత మోటరోలా సంస్థలో చేరి పెద్ద పదవులు నిర్వహించాడు.

ఎఫ్.ఎం.కు ఒక చెడ్డ అలవాటు ఉంది. ఎవరూ మాట్లాడనప్పుడు సెట్టు ఊరుకోదు, పెద్దగా బుసకొడుతుంది. ఆ బుస వినపడకుండా నోరు మూయించే ఏర్పాటును "స్క్వెల్చ్" అంటారు. ఏదైనా తరంగం వస్తే తెరుచుకుంటుంది, లేకపోతే మూసుకుంటుంది.

ఈ స్క్వెల్చ్ సంగతి నేను మొదట తెలుసుకున్నది పుస్తకంలో కాదు. 1996 నవంబరు 6న కోనసీమను తుఫాను ముంచెత్తి, వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయిన ఆ రోజుల్లో నేను ఒక కోస్తా జిల్లాలో యు.డి. క్లర్కును. కంట్రోల్ రూములో మెసేజీల రిజిస్టరు రాసే డ్యూటీ నాది. టెలిఫోన్లు పడిపోయాయి. మిగిలింది మూలనున్న పోలీసు వైర్‌లెస్ సెట్టు. అది రాత్రంతా ఒకటే బుస. తలనొప్పి భరించలేక, "ఆ రొద కాస్త తగ్గించకూడదా బాబూ?" అని అక్కడి కానిస్టేబుల్‌ను అడిగాను. అతను, "తగ్గించొచ్చు గుమాస్తాగారూ. కాని దూరపు స్టేషను వాడి మాట సన్నగా వస్తాది. రొదతోపాటు అదీ తెగిపోద్ది" అన్నాడు. తెల్లవారేదాకా ఆ బుసలోంచే మాటలు ఏరి నాకు చెప్పాడు, నేను రాసుకున్నాను. మౌనానికి కూడా ఒక ధర ఉంటుందని ఆ రాత్రి తెలిసింది. టోన్ చరిత్రంతా ఆ ధర ఎవరు చెల్లించాలి అన్న దాని చుట్టూనే తిరుగుతుందని తరువాత అర్థమైంది.

"ప్రైవేటు లైను" అన్న పేరు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో టాక్సీల వారు, సిమెంటు లారీల వారు, మరమ్మతు పనివారు అందరూ వైర్‌లెస్ సెట్లు పెట్టుకున్నారు. ఫ్రీక్వెన్సీలు కొద్ది, వాడకందార్లు బహుళం. ఒకే ఫ్రీక్వెన్సీని నలుగురైదుగురు పంచుకోవలసి వచ్చింది. సిమెంటు కంపెనీ గుమాస్తా తన లారీ పిలుపు కోసం చెవి ఒగ్గి కూర్చుంటే రోజంతా టాక్సీవాళ్ళ కబుర్లు వినపడేవి. ఒకే గదిలో నాలుగు సెక్షన్లు పెట్టిన ఆఫీసులో పనిచేసిన వారికి ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

దీనికి విరుగుడుగా 1950లలో వచ్చినదే నిరంతర టోన్ పద్ధతి. పొడి అక్షరాలలో సి.టి.సి.ఎస్.ఎస్. అంటారు. మాట్లాడేవాడి సెట్టు అతని మాటతోపాటు ఒక మంద్రమైన నాదాన్ని కూడా ఆగకుండా పంపుతూ ఉంటుంది. ఆ నాదం ఉంటేనే అవతలి సెట్టు నోరు విప్పుతుంది. టాక్సీలకు ఒక నాదం, సిమెంటు లారీలకు ఒక నాదం. ఎవరి పిలుపు వారికే. మోటరోలా వారు దీనికి "ప్రైవేట్ లైన్" అని పేరు పెట్టారు. జనరల్ ఎలక్ట్రిక్ వారిది "ఛానల్ గార్డ్", ఆర్.సి.ఏ. వారిది "క్వయట్ ఛానల్". మందు ఒకటే, సీసా మీద చీటీలు వేరు.

ఈ నాదాలు సుమారు 67 హెర్ట్జ్ నుంచి 250 హెర్ట్జ్ వరకు ఉంటాయి. అంటే సెకనుకు అన్ని కంపనాలు. "చెవికి వినపడని టోన్" అని పుస్తకాలలో రాస్తారు గాని అది నిజం కాదు. మృదంగం ఎడమవైపు పలికే గుంకారం, మగవాడి గొంతులోని మూల నాదం ఈ మేరలోనివే. మన చెవికి చక్కగా వినపడతాయి. అయితే సెట్టులో 300 హెర్ట్జ్‌కు లోపు ఉన్నదంతా స్పీకరుకు పోకుండా వడగట్టేస్తారు. మన పాత టెలిఫోను కూడా 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. అయినా అవతల మాట్లాడేది అన్నయ్యో బావగారో పోల్చుకునేవాళ్ళం కదా. మాటకు అక్కరలేని ఆ అడుగు అరను గుర్తు కోసం వాడుకోవడమే ఇందులోని తెలివి.

హార్మోనియం రీడు వంటిది

తొలి రోజుల్లో ఈ నాదాన్ని పుట్టించడానికి, గుర్తుపట్టడానికి లోహపు రీడ్లు వాడేవారు. పద్య నాటకాలు చూసిన మన తరానికి రీడు అంటే వేరే చెప్పనక్కరలేదు. హార్మోనియంలోని రీడు గాలికి పలుకుతుంది. ఈ రీడు తీగచుట్టలోని విద్యుత్తుకు కదులుతుంది. ఒక్కో రీడు ఒక్క నాదానికే స్పందిస్తుంది. తన నాదం వస్తే ఊగుతుంది, వేరే నాదం వస్తే కదలదు. తంబూరాలో ఒక తీగ మీటితే దానితో శ్రుతి కలిసిన తీగే తనంతట తాను కదిలినట్టు. టోన్ మార్చాలంటే రీడు పీకి ఇంకో రీడు గుచ్చవలసిందే.

ప్రమాణంగా స్థిరపడిన టోన్లలో ఒకదానికన్నా పైది సాధారణంగా మూడున్నర శాతం ఎక్కువ. సంగీతంలో ఒక స్వరస్థానానికి, దాని పక్క స్థానానికి మధ్య తేడా సుమారు 6 శాతం. అంటే ఇక్కడి తేడా అందులో సగం కన్నా కాస్త ఎక్కువ. అంత సన్నని తేడాను పట్టుకోవడం రీడు గొప్పతనం. కాని ఆ గొప్పతనానికి రెండు చిక్కులు వెంట వచ్చాయి.

మొదటిది, రీడు ఊగడానికి కొంత వ్యవధి కావాలి. సెకనులో కొంత భాగమే, అయినా ఆలోగా పలికిన మాట పోతుంది. బటను నొక్కీ నొక్కగానే మాట్లాడేవాడి మొదటి మాట అవతలికి చేరదు. రీడ్లు పోయి ఎలక్ట్రానిక్ చిప్పులు వచ్చినా ఈ ఆలస్యం పూర్తిగా పోలేదు. మన తెలుగుకు ఇందులో ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. మన వాక్యంలో ఊరి పేరు ముందు వస్తుంది, ఏం జరిగిందో చివర వస్తుంది. "పల్లెపాలెం దగ్గర గట్టు తెగింది" అంటే, "దగ్గర గట్టు తెగింది" అన్నంత మటుకే చేరుతుంది. గట్టు తెగిందని తెలుస్తుంది, ఎక్కడో తెలియదు. అందుకే బటను నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు మాట్లాడమని కొత్తవారికి చెబుతాం.

రెండోది, మాట ఆపాక కూడా రీడు కాసేపు ఊగుతూనే ఉంటుంది. ఆ కాసేపూ తలుపు తెరిచే ఉండి బుస వినపడుతుంది. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం చూడముచ్చటైనది. మాట ముగియగానే, ట్రాన్స్‌మిటర్ ఆగే ముందు, టోన్‌ను ఒక్క క్షణం ఎదురు తిప్పి పంపుతారు. ఊగుతున్న ఉయ్యాలకు ఎదురు తోపు తోస్తే టక్కున ఆగినట్టు రీడు ఆగిపోతుంది. బుస వినపడకముందే తలుపు మూసుకుంటుంది.

పేరులో ఉన్నది, పనిలో లేనిది

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. "ప్రైవేట్ లైన్" అన్న పేరు విని తమ మాటలు ఎవరికీ వినపడవని చాలామంది నమ్మారు. అది పొరపాటు. టోన్ ఉన్నవాడి మాటను టోన్ లేని మామూలు సెట్టు కూడా నిక్షేపంగా వింటుంది. టోన్ దాచేది మన మాటను కాదు. ఇతరుల మాటను మన చెవిన పడకుండా చేస్తుంది, అంతే. కిటికీ రెక్క వేసుకుంటే వీధి రొద మనకు తగ్గుతుంది. వీధిలో జనం మాత్రం ఉంటారు.

ఇందులోనే అపాయం కూడా ఉంది. వినపడటం లేదు కనుక ఎవరూ లేరనుకుని బటను నొక్కితే, అదే ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతున్న మరొకరి మాట మీద మన మాట పడుతుంది. ఇద్దరి మాటా చెడుతుంది. అందుకని ఆ రోజుల కారు సెట్లలో ఒక ఏర్పాటు చేశారు. మైకును కొక్కెం మీద నుంచి తీయగానే టోన్ కట్టడి తొలగిపోయి, ఫ్రీక్వెన్సీలో ఉన్న అందరి మాటా వినపడుతుంది. ముందు విను, ఖాళీగా ఉంటే మాట్లాడు అని కొక్కెమే నేర్పుతుందన్న మాట. ఎన్నో సమావేశాలలో ఇటువంటి కొక్కెం ఉంటే బాగుండునని నాకు అనిపిస్తుంటుంది.

హామ్‌ల చేతికి వచ్చాక

హామ్‌లలో రిపీటరు పెట్టిన తొలి వ్యక్తిగా లాస్ ఏంజెలెస్ ప్రాంతపు ఆర్ట్ జెంట్రీ పేరు చెబుతారు. కె6ఎంవైకె అన్న ఆ రిపీటరు 1950ల నాటిది. అయితే రిపీటర్లు జోరందుకున్నది 1960లలో. అక్కడి ప్రభుత్వం వ్యాపార సంస్థలను ఇరుకైన ఛానళ్ళకు మారమనడంతో పాత ఎఫ్.ఎం. సెట్లు చవకగా హామ్‌ల చేతికి వచ్చాయి. టాక్సీల్లోంచి ఊడదీసిన సెట్లతో కొండల మీద రిపీటర్లు వెలిశాయి. 1972లో ప్రభుత్వం వారు రిపీటర్ల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చారు.

ఆ సెట్లతోపాటు టోన్ కూడా హామ్‌ల ఇంటికి వచ్చింది. దానితో ఒక తగవూ వచ్చింది. కొందరు తమ డబ్బుతో పెట్టుకున్న రిపీటరును తమ క్లబ్బు వారే వాడుకోవాలని టోన్ పెట్టారు. వీటిని మూసిన రిపీటర్లు అన్నారు. హామ్ రేడియో అంటేనే పదిమందితో స్నేహం, దానికి తాళమేమిటి అని మరికొందరు కోప్పడ్డారు. వారి దృష్టిలో టోన్ అంటే "నీవు పరాయివాడివి" అని చెప్పే బోర్డు.

కాలక్రమేణా ఈ తగవును తీర్చింది ఎవరి వాదనా కాదు, అవసరం. రిపీటర్లు పెరిగిపోయి ఒకే ఫ్రీక్వెన్సీల జతను దూరదూరంగా ఉన్న రెండు మూడు రిపీటర్లకు ఇవ్వవలసి వచ్చింది. రెండింటికీ నడుమ ఉన్నవాడు బటను నొక్కితే రెండు కొండలూ ఒకేసారి పలికేవి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క టోన్ ఇస్తే, పిలిచినదే పలుకుతుంది. దాంతో స్నేహంగా ఉండే రిపీటర్లు కూడా టోన్ పెట్టుకున్నాయి. అయితే ఈసారి దాచలేదు. రిపీటర్ల డైరెక్టరీలో ఊరు, ఫ్రీక్వెన్సీ పక్కన టోన్ సంఖ్య కూడా అచ్చు వేశారు. తాళంగా వచ్చినది గడియగా మారింది. తాళంచెవి సొంతదారు దగ్గరే ఉంటుంది. గడియ ఎవరైనా తీయవచ్చు. అది దొంగ కోసం కాదు, గాలికి తలుపు కొట్టుకోకుండా, కుక్క లోపలికి రాకుండా.

యూరప్ ఈల, మన హాజరు పట్టీ

యూరప్‌లో మొదట వేరే పద్ధతి నడిచింది. అక్కడ రిపీటరును మేలుకొలపడానికి 1,750 హెర్ట్జ్ నాదాన్ని ఒక్క క్షణం పాటు పంపేవారు. అది స్పష్టంగా వినపడే సన్నని కూత. సెట్టులో ఆ కూత పుట్టించే ఏర్పాటు లేనివారు మైకు ముందు ఈల వేసి రిపీటరును లేపేవారు. శ్రుతి బాగా తెలిసినవాడి ఈలకు కొండ మీది యంత్రం మేలుకునేది!

ఈ పద్ధతికి, నిరంతర టోన్‌కు ఉన్న తేడా మన ఉద్యోగులకు చటుక్కున అర్థమవుతుంది. 1,750 హెర్ట్జ్ కూత హాజరు పట్టీలో పొద్దున పెట్టే సంతకం వంటిది. సంతకం చేసి, కోటు కుర్చీకి తగిలించి కాంటీనుకు పోయినా హాజరు హాజరే. అలాగే ఒకసారి మేలుకున్న రిపీటరు, ఆపైన వచ్చేది మాటో రొదో చూడకుండా పలుకుతూ ఉంటుంది. నిరంతర టోన్ అలా కాదు. మనిషి సీటులో ఉన్నంతసేపే హాజరు, లేచిన మరుక్షణం గైరుహాజరు. అందువల్లనే క్రమంగా యూరప్‌లో కూడా చాలాచోట్ల నిరంతర టోన్ వాడుకలోకి వచ్చింది.

బ్రిటన్ వారు చేసిన పని నాకు మరీ నచ్చింది. అక్కడ టోన్లకు అక్షరాలిచ్చారు. 67.0 హెర్ట్జ్‌కు ఎ, 71.9కి బి, 77.0కి సి, 82.5కి డి, అలా 118.8కి జె వరకు. రిపీటరు తన కాల్ సైన్‌ను మోర్స్ భాషలో పలికినప్పుడు చివర ఆ అక్షరాన్ని కూడా పలుకుతుంది. అంటే నా గడియ ఇక్కడుంది, ఇలా తీయండి అని తలుపే బాటసారికి చెబుతుందన్న మాట. టోన్ రహస్యం కాదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? అసలు హామ్‌లు వేరే దేశపు హామ్‌లతో అర్థం మరుగుపడేలా సంకేత భాషలో మాట్లాడరాదని అంతర్జాతీయ రేడియో నియమాలే చెబుతున్నాయి.

ఆకాశంలోనూ అదే గడియ

కొండల మీద పెట్టిన యంత్రాన్ని ఉపగ్రహం మీదా పెట్టవచ్చు కదా. 2002 డిసెంబరులో ఎస్.ఓ.-50 అనే సౌదీ అరేబియా వారి చిన్న ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్ళింది. దానికి రెండు గడియలు. ముందుగా 74.4 హెర్ట్జ్ టోన్ పంపితే 10 నిమిషాల గడియారం మొదలవుతుంది. ఆ పది నిమిషాల్లో 67.0 హెర్ట్జ్ టోన్‌తో మాట్లాడాలి. గడువు తీరితే మళ్ళీ మొదటిది. బ్యాటరీ వృథా కాకుండా ఈ జాగ్రత్త. మాట్లాడేవారెవరూ లేని సముద్రం మీద అది నోరు మూసుకుని పోతుంది. 2020 సెప్టెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ప్రారంభించిన రిపీటరుకూ 67.0 హెర్ట్జ్ టోనే పెట్టారు.

మన శ్రీహరికోట నుంచి 2005 మే 5న పి.ఎస్.ఎల్.వి.-సి6 మీద కార్టోశాట్-1తోపాటు హామ్‌శాట్ అనే ఉపగ్రహం వెళ్ళింది. హామ్‌ల కోసమే మన ఇస్రో వారు చేసిన 42.5 కిలోల పెట్టె. అది వేరే తరహాది. ఒకరి మాటనే కాక, ఒక ఫ్రీక్వెన్సీ పట్టీని మొత్తంగా తిప్పి పంపేది. దానికి టోన్ అక్కరలేదు. తలుపే లేని పందిరి అన్న మాట. 2014 వరకు పనిచేసి విశ్రాంతి తీసుకుంది.

మన సంగతి

మన హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983లో ఏర్పడింది. అప్పటినుంచి విపత్తుల వేళ హామ్‌ల సేవకు మన రాష్ట్రాలలో ఒక గుర్తింపు వచ్చింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ గారి బృందం అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉండి, వేరే దారులు తెగిపోయిన అండమాన్ల నుంచి మెసేజీలు అందించింది. అయితే అది షార్ట్ వేవ్. సముద్రాలు దాటే ఆ తరంగానికి కొండ అక్కరలేదు, టోన్ అక్కరలేదు. పక్క ఊరి నుంచి మండల కేంద్రానికి, అక్కడినుంచి జిల్లా కేంద్రానికి చేతి సెట్టుతో మాట చేరవేయాలంటే మాత్రం రిపీటరు కావాలి. రిపీటరుకు టోన్ ఉంటే ఆ టోన్ తెలిసి ఉండాలి.

మన దేశంలో కొన్ని రిపీటర్లు టోన్ లేకుండా పనిచేస్తాయి, కొన్నింటికి టోన్ కావాలి. టోన్ ఎంచుకునేటప్పుడు మనకో జాగ్రత్త అవసరం. మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌ది. దాన్ని డి.సి.గా మార్చే పెట్టెలో లోపముంటే వచ్చే గుర్రు 100 హెర్ట్జ్. టోన్ల పట్టికలో సరిగ్గా 100.0 అని ఒకటుంది. అది పెట్టుకుంటే యంత్రం కరెంటు గుర్రునే అతిథి పిలుపనుకునే ప్రమాదం ఉంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కనుక వారికి 100.0తో ఈ బెడద లేదు. పరాయి ఊరి పద్ధతిని మన ఊరి నీళ్ళలో ఒకసారి కడిగి చూసుకోవాలనేది ఇందుకే.

ఇక అసలు మాట. గడియ ఎంత మంచిదైనా, అది ఎక్కడుందో ఇంట్లో వారికి తెలియకపోతే తాళం కన్నా ఘోరం. మనం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టునే తీసుకోండి. అందులో రహస్యమేమీ లేదు. నేను ఉన్నాను అని చెప్పడమే. కాని అది అందకపోతే పెన్షను ఆగుతుంది. టోన్ కూడా అంతే. "నేను ఉన్నాను, పిలుస్తున్నాను" అని చెప్పే నాదం. అది లేకపోతే ఎంత అరిచినా కొండ పలకదు. పైగా ఎందుకు పలకలేదో అరిచినవాడికి తెలియదు. సెట్టు చెడిందనుకుంటాడు, బ్యాటరీ మారుస్తాడు, చివరికి వదిలేస్తాడు.

కనుక హామ్ లైసెన్సు ఉన్న మన సభ్యులకు, వారి పిల్లలకు, మనవలకు నా సూచనలు ఇవి. దగ్గరి రిపీటరు వినే ఫ్రీక్వెన్సీ, పలికే ఫ్రీక్వెన్సీ, టోన్, ఈ మూడింటినీ ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి సెట్టుకు కట్టి ఉంచాలి. సెల్ ఫోనులో దాచుకుంటే ఆ ఫోను ఆరిపోయిన రోజే దానితో పని పడుతుంది. బటను నొక్కి, ఒక్క క్షణం ఆగి, ఊరి పేరు రెండుసార్లు చెప్పాలి. విపత్తు వేళ వినే వైపు టోన్ కట్టడి తీసివేయాలి. బుస భరించలేనిదే, కాని టోన్ తెలియని ఏ అభాగ్యుడి మాటైనా ఆ బుసలోంచే రావాలి. రిపీటర్లు నడిపే క్లబ్బుల వారు అటువంటి రోజుల్లో తలుపు గడియ తీసి ఉంచే సంగతి ముందుగానే ఆలోచించి పెట్టుకోవాలి.

ఈ సందర్భంగా రేడియోతో సంబంధం లేని వారికి కూడా ఒక మనవి. మన సంఘ సభ్యుడొకరు కాలం చేసినప్పుడు, ఆయన పి.పి.ఓ. నంబరు ఏ కాగితం మీద ఉందో తెలియక ఇంటి ఇల్లాలు కుటుంబ పెన్షను కోసం నెలల తరబడి తిరిగారు. కాగితం ఇంట్లోనే, ట్రంకు పెట్టెలో, పంచాంగం మధ్య ఉంది. ఆయన దాచిపెట్టలేదు, చెప్పలేదు, అంతే. పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా, నామినేషను కాగితాలు ఎక్కడున్నాయో ఈ వారంలోనే మీ ఇంట్లోవారిని కూర్చోబెట్టి చెప్పండి. ఒక అట్ట మీద రాసి ఇవ్వండి.

హామ్‌లు తమ టోన్‌ను డైరెక్టరీలో అచ్చు వేసి, మోర్స్‌లో పలికించి లోకానికి చాటారు. మన ఇంటి గడియల సంగతి కనీసం మన ఇంట్లోవారికైనా చెబుదాం.